గాల్వే అబ్బాయితో చెల్లి పెళ్లి: ఐరిష్ పద్ధతుల్లో ఏవి నిజం, ఏవి ఈవెంట్ వాళ్ల కల్పన?

నాగోల్_అక్క

అందరికీ నమస్తే. మా చెల్లి పెళ్లి కార్తీకంలో. అబ్బాయి ఐర్లండ్ వాడు, గాల్వే ఊరు. జూన్‌లో అక్కడ రిజిస్టర్ చేసుకున్నారు కాబట్టి పేపర్ల గొడవేం లేదు, దయచేసి ఆ లెక్చర్ ఎవరూ ఇవ్వకండి. ఇక్కడ మొయినాబాద్ వైపు ఒక లాన్‌లో మన పద్ధతిలో లగ్గం, జీలకర్ర బెల్లం, పుస్తె మట్టెలు అన్నీ.

వాళ్ల వైపు నుంచి తొమ్మిది మంది వస్తున్నారు, అబ్బాయి వాళ్ల అమ్మతో సహా. చెల్లిది ఒకటే పట్టు. వాళ్లు వచ్చి కుర్చీల్లో కూర్చుని, ఫొటోలు దిగి, బిర్యానీ తిని వెళ్లిపోయే చుట్టాల్లా ఉండకూడదట, వాళ్ల తంతు కూడా ఒకటో రెండో ఉండాలట. సరేనని ఈవెంట్ వాళ్లని అడిగితే "ఐరిష్ ప్యాకేజీ" అని ఒక కాగితం పంపారు, లక్షా ఎనభై వేలు. అందులో ఏముందంటే, మండపం మొత్తం ఆకుపచ్చ, రిసెప్షన్‌కి చెల్లికి ఆకుపచ్చ గౌను, మూడాకుల కటౌట్లు, గేటు దగ్గర ఎర్రగడ్డం పెట్టుకుని బంగారు కుండ పట్టుకున్న వేషగాడు, చివర్లో "రెండు వేల ఏళ్ల నాటి" తాడుతో ఇద్దరి చేతులు కట్టే కార్యక్రమం. మా నాన్న అది చదివి "ఇది పెళ్లా, నుమాయిషా" అన్నారు.

అందుకే ఇక్కడ అడుగుతున్నా. నిజంగా అక్కడి ఇళ్లల్లో చేసేవి ఏంటి? మన పెళ్లిలో ఇరికించినట్టు కాకుండా ఇమిడిపోయేవి ఏంటి? చెల్లిని అడిగితే "నేను చూసింది రెండు పెళ్లిళ్లు, రెండింట్లోనూ తెల్లారిదాకా డాన్సే" అంటోంది. అబ్బాయిని అడిగితే నవ్వి ఊరుకుంటాడు, మొగపిల్లలు ఏ దేశమైనా అంతే.

లిమరిక్_నైట్‌షిఫ్ట్

అక్కా, ముందు ఆ ఆకుపచ్చ గౌను ఆపించండి, మిగతాది తర్వాత. నేను ఇక్కడ ఐర్లండ్‌లోనే, లిమరిక్‌లో పదకొండేళ్లుగా నర్సుని. పెళ్లిలో ఆకుపచ్చ కలిసిరాదని ఇక్కడి పాతవాళ్ల మాట, ఎందుకంటే అది ఫెయిరీల రంగు. ఫెయిరీలంటే కార్టూన్లలో రెక్కలతో ఎగిరే బుజ్జి బొమ్మలు అనుకునేరు, కాదు. మన ఊళ్లలో గాలి సోకిందనడం, మిట్టమధ్యాహ్నం చింతచెట్టు కిందికి పోవద్దనడం ఉంటుంది చూడండి, అలాంటి భయం. కొత్త పెళ్లికూతుళ్లనీ పసిపిల్లలనీ ఎత్తుకుపోతాయని నమ్మేవాళ్లు. డాన్స్ చేసేటప్పుడు పెళ్లికూతురు రెండు కాళ్లూ ఒకేసారి నేల మీంచి లేపకూడదని కూడా అంటారు, నేల విడిస్తే వాటి చేతికి చిక్కినట్టేనట. మనకేమో మేనమామ పిల్లని బుట్టలో కూర్చోబెట్టి మోసుకొస్తాడు, కాలు నేలకి ఆననివ్వడు! ఇప్పటి పిల్లలు ఇవన్నీ పట్టించుకోరు కానీ అత్తగారి వయసువాళ్లు పైకి అనకపోయినా మనసులో అనుకుంటారు.

నిజంగా ఇప్పటికీ బతికున్న ఆచారం చెప్పమంటే నేను ఒకే ఒక్కటి చెప్తా, చైల్డ్ ఆఫ్ ప్రాగ్. చేతిలో గోళం, తల మీద కిరీటం, ఎర్ర అంగీ ఉన్న బాల యేసు బొమ్మ. అసలుది ప్రాగ్ నగరంలో చర్చిలో ఉంటుంది. సికింద్రాబాద్‌లో కూడా ఇన్ఫెంట్ జీసస్ అని మీరు చూసే ఉంటారు. పెళ్లికి ముందురోజు రాత్రి దాన్ని ఇంటి బయట, చెట్టు గుబురు కిందో గోడ పక్కనో పెడతారు, తెల్లారేసరికి వాన తగ్గి ఎండ కాయాలని. మా వార్డు సీనియర్ కూతురి పెళ్లికి నేను ముందురోజే వెళ్లా. గుమ్మం పక్కన హైడ్రాంజియా పొద కింద జానెడు బొమ్మ, వానలో తడిసి ముద్దయ్యి. చూస్తే మెడ దాకానే ఉంది, తల లేదు! అయ్యో అనుకుని చెప్తే ఆవిడ వంటింటి కిటికీ చూపించింది. అక్కడ గిన్నెలు తోమే స్పాంజి పక్కన బుల్లి తల, కిరీటంతో సహా. తల ఊడితేనే బాగా పని చేస్తుందట. కానీ మనం విరగ్గొట్టకూడదు, దానంతట అదే ఊడాలి. ఆ మర్నాడు చర్చి అయ్యేదాకా ఎండ కాసింది, తర్వాత మళ్లీ మామూలే.

మీ అబ్బాయిది గాల్వే అన్నారు కదా, అక్కడ ఇంకోటి ఉంది. ఊరి మధ్యలో నన్స్ ఐలండ్ అనే చోట పూర్ క్లేర్ సన్యాసినుల మఠం. పెళ్లిరోజు వాన పడకుండా ప్రార్థించమని వాళ్లకి కోడిగుడ్లు ఇచ్చి వస్తారు. అవును, కోడిగుడ్లే. వాళ్ల అమ్మగారికి ఫోన్ చేసి ఈ రెండూ అడగండి, ప్యాకేజీ డబ్బులు మిగులుతాయి.

పాత_పుస్తకాల_పిచ్చి

ఆ "రెండు వేల ఏళ్ల" తాడు గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. హ్యాండ్‌ఫాస్టింగ్ అనే మాట స్కాట్లాండ్, ఉత్తర ఇంగ్లండ్ వైపుది. చేతిలో చెయ్యి వేసి పెళ్లికి మాట ఇచ్చుకోవడం, అంటే మన నిశ్చితార్థం లాంటిది. రంగురంగుల రిబ్బన్లు చుట్టి ఇప్పుడు వీడియోల్లో చూపించే తంతు మొన్నమొన్నటిది. చేసుకుంటే తప్పేం లేదు, ఐర్లండ్‌లోనూ ఇప్పుడు చాలామంది ముచ్చటపడి చేసుకుంటున్నారు. కానీ దానికి లేని వయసు అంటగట్టి డబ్బు అడగడం బాగాలేదు. అయినా మీకు కొంగుముడి ఉండగా ఇంకో ముడి ఎందుకండీ?

చేతులకి సంబంధించి ఐర్లండ్‌లోనే ఒక మంచి కథ ఉంది. మీత్ జిల్లాలో టెల్‌టౌన్ అనే చోట, పూర్వం ఆగస్టు మొదట్లో పెద్ద జాతర జరిగేది. 1836లో జాన్ ఓడోనవన్ అనే పండితుడు మ్యాపుల సర్వే కోసం తిరుగుతూ అక్కడివాళ్లు చెప్పింది రాసుకున్నాడు. గోడకి అటు ఆడపిల్లలు, ఇటు మగపిల్లలు, మధ్యలో తలుపుకి ఒక రంధ్రం. అమ్మాయి అందులోంచి చెయ్యి పెడితే ఇటువైపు అబ్బాయి పట్టుకోవాలి. మొహం కనపడదు. మన అడ్డుతెర లాంటిదే, కాకపోతే మనకి తెర అవతల ఎవరున్నారో ముందే తెలుసు. ఆ జంట ఏడాది మీద ఒక్క రోజు కలిసుండి, పొసగకపోతే మళ్లీ అక్కడికే వచ్చి వీపుకి వీపు ఆనించి నిలబడి ఒకరు ఉత్తరానికి, ఒకరు దక్షిణానికి నడిచి వెళ్లిపోవచ్చట. జరిగిందో లేదో గానీ జనం చెప్పుకున్న మాట అది. తమాషా ఏంటంటే అదే దేశంలో 1937 రాజ్యాంగం విడాకులని పూర్తిగా నిషేధించింది, 1995 రెఫరెండంలో గానీ తొలగలేదు, అదీ పదివేల ఓట్లు కూడా తేడా లేకుండా.

ముహూర్తాల పిచ్చి మనకొక్కరికే అనుకుంటాం కదా, వినండి. ఈస్టర్‌కి ముందు ఉపవాసాల కాలం, లెంట్, వాళ్లకి మన ఆషాఢం, మూఢం లాంటిది. చర్చిలో పెళ్లిళ్లు ఉండేవి కావు. దాంతో లెంట్ మొదలయ్యే ముందు మంగళవారం దాకా ఒకటే రద్దీ. ఆ గడువు దాటాక కూడా పెళ్లి కాని బ్రహ్మచారులకి తర్వాతి ఆదివారం చర్చికి వెళ్తుంటే వెనకనుంచి వచ్చి కోటు మీద సుద్దతో గీతలు గీసేవాళ్లు, పిల్లలు ఎక్కువగా. ఆ రోజు పేరే చాక్ సండే. పడమటి వైపు ఇంకో అడుగు ముందుకేసి ఉప్పు చల్లేవాళ్లట, వచ్చే ఏడాదిదాకా పాడవకుండా నిలవుండాలని, ఊరగాయలాగా. నాకు ముప్పై నాలుగు, ఇంకా కాలేదు, అది చదివి వీపు తడుముకున్నా. కెర్రీ తీరానికి దూరంగా సముద్రంలో స్కెల్లిగ్ అనే రాతిదీవి ఉంది, పాత సన్యాసుల మఠం. అక్కడ లెంట్ ఆలస్యంగా మొదలవుతుందని చెప్పుకునేవాళ్లు. కాబట్టి మిగిలిపోయినవాళ్లంతా పడవెక్కి అక్కడికి పోయి చేసుకుంటున్నారని, ఎవరికి ఎవరు జోడీయో పేర్లు పెట్టి మరీ వెటకారం పద్యాలు రాసి పంచేవాళ్లు. మే నెలలో చేసుకుంటే ఏడుపే అని సామెత. వారాలకి ఒక పాట కూడా ఉంది, అందులో బుధవారం అన్నిటికన్నా మంచిది, శనివారం అసలు రోజే కాదు. ఇప్పుడు అక్కడా వీకెండ్ పెళ్లిళ్లే లెండి.

మీకు పనికొచ్చేది ఒకటి చెప్తా. కోడలు మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు గుమ్మంలో అత్తగారు ఓట్స్ రొట్టెని ఆ పిల్ల తల మీద విరిచేది. ముక్కలు అందరూ ఏరుకుని తినేవాళ్లు. ఇది ఒట్టి ఇంటర్నెట్ కబురు కాదు. 1937 నుంచి రెండేళ్లపాటు దాదాపు 5,000 బడుల పిల్లలు తమ ఊరి ముసలివాళ్లని అడిగి నోట్‌బుక్కుల్లో రాసిన కథలూ ఆచారాలూ ఉన్నాయి. దూఖస్ అనే సైట్‌లో అన్నీ ఉచితంగా చూడొచ్చు, పిల్లల చేతిరాతతో సహా. పెళ్లి ఆచారాలకి విడిగా విభాగమే ఉంది. గాల్వే జిల్లావి తీసి వాళ్ల ఊరి పేరుతో వెతకండి, మీ వియ్యపురాలికి అంతకంటే మంచి కానుక ఉండదు.

డీజే_సాయి

అక్కా అవన్నీ సరే, బరాత్ సంగతి చెప్పు. తెల్లోళ్లవి అన్నీ ప్రేమ పెళ్లిళ్లే కదా, పెళ్లిచూపులు కట్నాలు ఉండవు, ఇంక వాళ్లకి ఆచారాలు ఏముంటాయ్?

మియాపూర్_మామయ్య

సాయీ, కట్నాలు ఉండవని నీకెవరు చెప్పారు నాయనా. ఉస్మానియాలో సోషియాలజీ చదివే రోజుల్లో మాకు ఐర్లండ్ పాఠంగా ఉండేది. 1930ల్లో ఆరెన్స్‌బర్గ్, కింబల్ అనే ఇద్దరు అమెరికన్లు క్లేర్ జిల్లా పల్లెల్లో ఉండి రాసింది. చదువుతుంటే మా మెదక్ గురించి రాసినట్టే ఉండేది, ఎడ్ల బదులు పాడి ఆవులు, అంతే తేడా.

రైతు కుటుంబాల్లో పెళ్లంటే బేరం. మధ్యవర్తి ఉంటాడు, మన పెళ్లిళ్ల పేరయ్య. పిల్లవాడికి ఎన్ని ఎకరాలు, ఎన్ని ఆవులు, దాన్నిబట్టి పిల్ల తండ్రి ఇంత ఇవ్వాలి. దాన్ని ఇంగ్లీషులో ఫార్చ్యూన్ అనేవాళ్లు, ఐరిష్‌లో స్ప్రే. పిల్ల తరఫువాళ్లు వచ్చి పొలం గట్ల మీద నడిచి, కొట్టంలో పశువుల్ని లెక్కపెట్టి వెళ్లేవాళ్లు. ఆ ఒక్క రోజుకి పక్కింటివాళ్ల ఆవుల్ని తెచ్చి కట్టేసుకున్న కథలు కొల్లలు. మాట కుదిరాక లాయర్ దగ్గర కాగితం. ముసలాయన పొలం కొడుకు పేర రాసి, తనకీ ముసలమ్మకీ ఇంట్లో ఒక గది, తిండి, పొయ్యి దగ్గర చోటు అని అందులోనే రాయించుకునేవాడు. ఇక కోడలు తెచ్చిన డబ్బు ఏమయ్యేది? ఆడపడుచు పెళ్లికి పోయేది! ఇది మన ఇళ్లల్లో జరగలేదని ఎవరైనా అంటే నేను నమ్మను. పొలం ఒక్క కొడుక్కే. మిగతావాళ్లు అమెరికా ఓడెక్కడమో, చర్చిలో చేరడమో, పెళ్లి లేకుండా అన్న దగ్గర ఉండిపోవడమో. ఆ సుద్ద గీతల వెనక ఉన్నది ఇదీ, అందుకే ఆ వేళాకోళం నాకు అంత నవ్వు తెప్పించదు.

ఇప్పటికీ అదే క్లేర్ జిల్లాలో లిస్‌డూన్‌వార్నా అనే ఊళ్లో సెప్టెంబర్‌లో సంబంధాల జాతర జరుగుతుంది, కోతలయ్యాక రైతులు తీరిగ్గా ఉంటారని ఆ నెల పెట్టారు. ఇప్పుడు అందులో సంబంధాలకన్నా డాన్సే ఎక్కువ.

బరాత్ అడిగావు కదా. వాళ్లకి స్ట్రాబాయ్స్ అని ఉన్నారు. పెళ్లి రాత్రి పిలవకుండానే వస్తారు, మొహం కనపడకుండా గడ్డితో అల్లిన పొడవాటి మొనదేరిన టోపీలు, గడ్డి అంగీలు. నాయకుడు పెళ్లికూతురితో ఒక డాన్స్ చేస్తాడు, మిగతావాళ్లు చుట్టాలతో. మందు పోసి మర్యాద చేస్తే దీవించి పోతారు. పడమటి జిల్లాల్లో ఇప్పటికీ కొన్ని పెళ్లిళ్లకి వస్తారు. మన వరిగడ్డితో చేయించుకో, కానీ సిగరెట్ కాల్చేవాళ్లని దూరం పెట్టు.

నాగోల్_అక్క

అందరికీ థాంక్స్. ప్యాకేజీ క్యాన్సిల్, అడ్వాన్స్ పది వేలు పోయింది. వాళ్ల అమ్మగారికి ఫోన్ చేశా. మొదటి ఐదు నిమిషాలు ఇక్కడి ఎండ, అక్కడి వాన. చైల్డ్ ఆఫ్ ప్రాగ్ అనగానే ఆవిడ ఎంత నవ్వారంటే మా అమ్మ పక్క గదిలోంచి వచ్చింది. వాళ్లింట్లో ఉన్నదే తెస్తారట, వాళ్ల అత్తగారిదట. గుడ్లు కూడా ఇచ్చేశారు, అరడజను. మా అమ్మ ఇదంతా విని "ఎవరి దేవుడైతే ఏంటి, తులసికోట పక్కన పెడదాం, ఎట్లాగూ బంగాళాఖాతంలో అల్పపీడనం అంటున్నారు" అంది.

ఇంకో డౌట్. చెల్లి ఎడమచేతి వేలికి ఒక ఉంగరం ఉంటుంది, రెండు చేతులు గుండెని పట్టుకున్నట్టు, పైన కిరీటం. మట్టెలు పెట్టేటప్పుడు అది తీసేయాలా అని అమ్మ అడుగుతోంది.

లిమరిక్_నైట్‌షిఫ్ట్

అయ్యో తీయకండి! అది క్లాడా ఉంగరం, గాల్వేదే. క్లాడా అంటే ఆ ఊరి పక్కన పాత జాలరి పల్లె, గడ్డి ఇళ్లని 1930ల్లో కూల్చేశారు. చేతులు స్నేహం, గుండె ప్రేమ, కిరీటం మాట మీద నిలబడటం. రిచర్డ్ జాయిస్ అనే గాల్వే కుర్రాణ్ని సముద్రపు దొంగలు పట్టుకుపోయి అల్జీర్స్‌లో కంసాలికి అమ్మేశారట. అక్కడ పని నేర్చుకుని, విడుదలై తిరిగొచ్చి ఈ ఉంగరం చేశాడని కథ.

అసలు విషయం అది పెట్టుకునే తీరు. కుడిచేతికి గుండె కొన బయటికి ఉంటే ఇంకా ఎవరూ లేరని, లోపలికి ఉంటే ఎవరో ఉన్నారని. ఎడమచేతికి కొన బయటికి ఉంటే నిశ్చితార్థం అయిందని, లోపలికి తిప్పితే పెళ్లయిందని. మీ చెల్లిది ఎటుందో చూడండి. ఇంకా బయటికే ఉంటే, మీకు కావాల్సిన తంతు చేతికే ఉంది కదక్కా. మట్టెలయ్యాక అబ్బాయి చేత ఆ ఉంగరం తిప్పించండి. ఐదు సెకన్లు, పంతులుగారు కూడా అభ్యంతరం చెప్పరు.

నాగోల్_అక్క

మూడు వారాల తర్వాత వస్తున్నా, సారీ. పెళ్లి అయిపోయింది. ఉంగరం బయటికే ఉంది, తిప్పించాం. అబ్బాయి చెయ్యి వణికి సగంలో ఆగింది, వాళ్ల అమ్మ మొదటిసారి ఏడ్చింది అప్పుడే. అప్పగింతల్లో మా అమ్మతో పాటు రెండోసారి. ఓట్స్ రొట్టె బదులు జొన్నరొట్టె, ఆవిడే విరిచారు, తలంబ్రాల బియ్యంతో కలిసి చెల్లి జడలో ఇరుక్కుని మర్నాటిదాకా రాలుతూనే ఉంది. సాయి వరిగడ్డి టోపీలు నలుగురు కజిన్స్ పెట్టుకున్నారు, రెండు నిమిషాలకే దురదలని తీసేశారు.

ఇప్పుడు అసలు గొడవ. వాళ్లు దిగిన రోజు పెట్టెలు మా ఇంట్లోనే పెట్టాం. ఆవిడ స్నానానికి వెళ్తూ "ఆ బొమ్మ బయట పెట్టేస్తావా" అన్నారు. టవల్ విప్పితే బొమ్మ ఒక మడతలో, తల ఇంకో మడతలో. నా గుండె ఆగిపోయింది. ఇక్కడ మీరు తల గురించి రాసింది ఆ క్షణంలో ఒక్క ముక్క గుర్తు రాలేదు. పెళ్లింట్లో విరిగిన విగ్రహం, అమ్మ చూస్తే పంతులుగారికి ఫోన్ చేసి శాంతి అంటుంది. సొరుగులో ఫెవిక్విక్ ఉంది. అతికించేసి తులసికోట పక్కన పెట్టేశా.

పెళ్లిరోజు తెల్లవారుజామున నాలుగింటికి దంచికొట్టింది. షామియానా కుండలా దిగబడింది, కార్పెట్లన్నీ తడి. ఎనిమిదింటికి తగ్గింది కాబట్టి ముహూర్తం దక్కింది. మా అమ్మేమో చెల్లి చిన్నప్పుడు పచ్చి బియ్యం బొక్కేది కాబట్టే వాన అని అందరికీ చెప్తోంది. వాళ్ల అమ్మ మాత్రం అరడజను గుడ్లు సరిపోలేదేమో అన్నారు మొదట. నిన్న బొమ్మని సర్దుకుంటూ మెడ దగ్గర వేలితో తడిమి చూసి ఆగిపోయారు. "ఇది మా అత్తగారి హయాంలోనే ఊడింది, నలభై ఏళ్లుగా అలాగే పెడుతున్నాం, ఎవరు అతికించారు?"

ఎవరూ పలకలేదు. నేనూ పలకలేదు. ఫెవిక్విక్ పెయింట్ పోకుండా ఎలా ఊడుతుందో ఎవరికైనా తెలిస్తే త్వరగా చెప్పండి, బుధవారం వాళ్ల ఫ్లైట్.